మామ్మగారికి మండెగలు

"ఏంటే అమ్మాయ్, ఈ కాఫీ ఇంత చేదుగా ఏడిసింది?"

శ్యామలాంబగారు ఆ మాట అన్నారో లేదో, మంజుష చేతిలోని పళ్ళెం ఠంగుమని కింద పడి గిరగిరా తిరిగింది. పెరట్లో బట్టలు ఆరేస్తున్న అత్తగారు నీలవేణి తడి తువ్వాలు భుజాన వేసుకుని పరుగెత్తుకొచ్చారు.

"ఏమైంది? ఎవరికేమైంది?"

"మామ్మగారు కాఫీ చేదుగా ఉందన్నారండీ!" అంది మంజుష. కళ్ళల్లో నీళ్ళు, మొహం నిండా నవ్వు.

నీలవేణి గుమ్మం పట్టుకుని నిలబడిపోయారు. "మళ్ళీ ఒకసారి అనండి అత్తయ్యగారూ" అన్నారు.

"చేదుగా ఉందంటున్నాను. డికాక్షన్ దిమ్మరించేసింది పిల్ల" అన్నారు పెద్దావిడ, ఇంత చిన్న మాటకి ఇద్దరూ ఎందుకిలా అయిపోతున్నారో తెలియనట్టు. అంతలో ఆవిడకీ తెలిసింది. గ్లాసు మళ్ళీ నోటి దగ్గర పెట్టుకుని, ఒక గుక్క తాగి, నాలుక మీద తిప్పి, "అవునే! చేదు!" అని చంటిపిల్లలా నవ్వారు.

ఆ ఇంట్లో వండినదానికి వంక పెట్టడమన్నది లేదు. భీమవరం అవతల రొయ్యల చెరువుల మధ్య ఉన్న ఆ రాజుల లోగిట్లోకి కొత్త కోడలిగా వచ్చినప్పుడు మంజుష నేర్చుకున్న మొదటి సంగతి అదే. ఉప్పు మరిచిపోయిన పప్పుకైనా, మాడిన వేపుడుకైనా "దివ్యంగా ఉందండి" అనే అనాలి. అలా అని ఎవరూ చెప్పరు, అందరూ అంటారు. శ్యామలాంబగారైతే కిందటి వానాకాలం విషజ్వరం వచ్చి తగ్గాక, ఏం పెట్టినా ఆ మాటే అంటూ వచ్చారు. రెండు ముద్దలు తినడం, దివ్యంగా ఉందనడం, కంచం పక్కకి జరపడం. జ్వరంతో పాటు నోటి రుచీ పోయింది. అన్నం పిండిలా, కూర తడిసిన గుడ్డలా ఉంటోందని ఒకసారి మాత్రం, అదీ మంజుష ఒక్కతే ఉన్నప్పుడు చెప్పారు. తినక తినక మనిషి సగమయ్యారు. చెయ్యి ఎత్తితే గాజులు మోచేతి దాకా జారిపోతున్నాయి.

కిందటి నెల ఒకసారి రుచి తిరిగొచ్చింది. "ఇవాళ నోరు తెలుస్తోందే, పనసపొట్టు కూర తినాలనుంది" అన్నారు. మంచి కాయ చూసి రేపు కొట్టిద్దామని అందరూ అనుకున్నారు. తెల్లారేసరికి కూర ఉంది, రుచి లేదు. ఆవిడ ఆ కూరంతా తిన్నారు, దివ్యంగా ఉందంటూ. అది కొన్నాళ్ళు ఇలాగే వస్తూ పోతూ ఉంటుందని, వచ్చినప్పుడే నాలుగు ముద్దలు ఎక్కువ తినిపించుకోమని డాక్టరుగారు చెప్పారు.

పైగా ఇవాళ ఆవిడ పుట్టినరోజు. ఎనభై నిండాయి. ఇంతకన్నా శుభవార్త ఇంకేం కావాలి? మంజుష నేల మీద మామ్మగారి కాళ్ళ దగ్గర కూలబడింది.

"చెప్పండి మామ్మగారూ. ఇవాళ రాత్రికి ఏం చెయ్యను? ఏం కావాలంటే అది. రేపు అనే మాటే లేదు."

శ్యామలాంబగారు కిటికీలోంచి చెరువు గట్టు మీది కొబ్బరిచెట్ల వైపు చూస్తూ చాలాసేపు ఆలోచించారు.

"మండెగ" అన్నారు చివరికి.

"ఏంటండి?" అన్నారు నీలవేణి.

"మండెగే. బోర్లించిన కుండ మీద కాల్చి, పంచదార చల్లి మడిచే పల్చటి రొట్టె. మొగల్తూరులో మా మామ్మ చేసేది. ఇంట్లో ఎవరి పుట్టినరోజైనా అదే. నా పెళ్ళయ్యాక మళ్ళీ ఎరగను."

నీలవేణి ఆ పేరే వినలేదు. మంజుష మాత్రం నోరు తెరుచుకుని ఉండిపోయింది. కొవ్వూరు నుంచి రోజూ వంతెన దాటి రాజమండ్రి వెళ్ళి హిస్టరీలో ఎం.ఏ. చదివింది ఆ పిల్ల. రాజుల కాలం నాటి విందుల పాఠంలో వెన్నప్పాలు, పాలతాలికలు, మండెగలు అని వరుసగా పేర్లు చెప్పి, వీటిలో కొన్ని ఇప్పుడెవరికీ తెలియవని మేడమ్ అంటే, ఆ సాయంత్రం బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఆ పేర్లే నోట్లో చప్పరించుకుంటూ ఇంటికొచ్చింది. నిఘంటువులో తప్ప ఎక్కడా లేదనుకున్న మండెగని నమిలి మింగిన మనిషి ఇదుగో, ఎదురుగా, మడత మంచం మీద కూర్చుని కాఫీ చేదంటోంది!

"అయితే ఇవాళ మనింట్లో రాజుగారి విందే!" అని లేచి, ఉన్నచోటే ఒక గంతు వేసింది. "మండెగలు, వెన్నప్పాలు, పాలతాలికలు. మూడూ చేస్తాను."

"మూడింటిలో నీకు ఏదైనా వచ్చా?" అన్నారు నీలవేణి.

"పేర్లు వచ్చండి."

అప్పుడే మేడ దిగి వస్తున్న మంజుష భర్త శ్రీనివాసరాజు పడీపడీ నవ్వాడు. "మామ్మగారూ, మీ మనవరాలు పేర్లు వడ్డిస్తుందంటండి. ఎందుకైనా మంచిది, నేను కోడిపలావు చెప్పి వస్తాను."

"మీరు ఆ చెరువు సంగతి చూసుకోండి, వంటింటి సంగతి మాకొదిలెయ్యండి" అంది మంజుష పెళ్ళాం హోదాతో. పెళ్ళై మూడు నెలలే అయినా ఆ హోదా అంటే ఆమెకి చెప్పలేనంత ముద్దు.

అతను నవ్వుతూనే బయటికి వచ్చి ఆకాశం కేసి చూశాడు. మాఘమాసంలో ఉండకూడని మబ్బు. నవ్వు కాస్త తగ్గింది. మబ్బు పట్టిన రోజున చెరువులో నీళ్ళు సరిగ్గా ఉండవు.

ఇంట్లో మాత్రం పండగ. బియ్యం నానబోశారు. మామ్మగారి మంచం వెనక వసారాలోకి మార్చారు. అక్కడినుంచి ఆవిడ చెబుతుంటే నీలవేణి గోధుమపిండిని నెయ్యీ పాలూ పోసి కలిపారు. మంజుష దాన్ని పీట మీద బాది బాది చేతులు ఎర్రగా చేసుకుంది.

"ఇంకా బాదు. చెవి తమ్మె పట్టుకుంటే ఎలా ఉంటుందో అంత మెత్తగా రావాలి" అన్నారు మామ్మగారు.

మంజుష తన చెవి పట్టుకుని చూసుకుంది, తర్వాత పిండిని. "ఇంకా నా చెవే మెత్తగా ఉందండి."

"అయితే కాసేపు దాన్నే సాగదీద్దాం" అన్నారు నీలవేణి.

మధ్యాహ్నం మామ్మగారికి మజ్జిగ ఇస్తే సగం తాగి, "పులిసింది, నీలవేణీ" అన్నారు. రెండో వంక! అత్తాకోడళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని మురిసిపోయారు.

నానిన బియ్యం ఆరబోసి, మిక్సీలో ఆడించి, జల్లించి, బెల్లం పాకంలో కలిపారు. వెన్నప్పాలకీ పాలతాలికలకీ అదే పిండి. పెద్ద పాత్రలన్నీ అటక మీద ఉంటే, చేతికందిన సత్తుగిన్నెలో వేసి తడిగుడ్డ కప్పింది మంజుష. వంటింట్లో పొయ్యి వేడికి పులిసిపోతుందేమోనని, "వసారాలో చల్లగా ఉంటుంది, అక్కడ పెట్టు" అన్నారు నీలవేణి. అక్కడే పెట్టింది. మామ్మగారు అప్పటికి గోడవైపు తిరిగి కునుకు తీస్తున్నారు.

చెప్పొచ్చేదేమిటంటే, ఆ వసారాలో ఎప్పుడూ ఒక సత్తుగిన్నె ఉంటుంది. బియ్యప్పిండి, తవుడు, బెల్లం, ఈస్టు కలిపి తడిగుడ్డ కప్పి పులియబెట్టి చెరువులో చల్లడం ఆ చుట్టుపక్కల రొయ్యల రైతులందరికీ అలవాటు. నీళ్ళు చెడకుండా ఉంటాయంటారు. పక్కపక్కన రెండు సత్తుగిన్నెలు, రెండింటి మీదా తడిగుడ్డలు, రెండింట్లోంచీ బెల్లం వాసన. ఇది చూసి ఆ ఇంట్లో ఎవరికీ వింత అనిపించలేదు. మంజుషకి అసలు అనిపించలేదు. ఆమె పెరట్లో మూడు రాళ్ళ మీద కుండ బోర్లించి, కింద కొబ్బరిమట్టలు పేర్చే పనిలో మునిగిపోయింది.

అంతలో నీటి పరీక్షల ల్యాబు నుంచి శ్రీనివాసరాజుకి ఫోన్ వచ్చింది. చెరువులో అమ్మోనియా పెరిగిందట. అతను మోటారుసైకిలు ఇంటి ముందు ఆపి, వెనక వసారాలోకి పరుగెత్తి, రెండు గిన్నెలూ డ్రమ్ములోకి వంపి, డ్రమ్ము బండి వెనక ట్రాలీలోకి ఎక్కించి వెళ్ళిపోయాడు. ఇవాళ అమ్మ రెండు గిన్నెలు కలిపింది, మంచిదే అయింది అనుకున్నాడు పాపం.

పొద్దు వాలాక గిన్నె కోసం వచ్చిన మంజుషకి బోర్లించిన సత్తుగిన్నెలు రెండు కనిపించాయి. ఒకదాని అంచున తన పిండి ఇంకా అంటుకుని ఉంది. వేలితో తీసి నోట్లో పెట్టుకుంది. ఏలకుల వాసన. భర్తకి ఫోన్ చేసింది.

"ఏవండీ, వసారాలో గిన్నె..."

"ఆ, రెండూ వేసేశాను. నాన్నగారు కూడా ఇక్కడే ఉన్నారు. ఏం, ఎందుకు?"

మంజుష గిన్నె చేతిలోకి తీసుకుంది. "ఒకటి... మామ్మగారిదండి."

అవతల చెరువు నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్లు చప్పుడు చేస్తున్నాయి. తర్వాత చాలా చిన్న గొంతుతో, "ఏలకుల వాసనొచ్చిందే అనుకున్నాను" అన్నాడు శ్రీనివాసరాజు.

కోప్పడదామని నోరు తెరిచింది. అంతలోనే అటువైపు మామగారు దుర్గాప్రసాదరాజు కేక వినిపించింది: కరెంటు పోయింది, ఏరేటర్లు ఆగాయి, జనరేటర్ తిప్పండిరా అని. ఫోన్ కట్టయింది. ఆ వెంటనే ఇంట్లో దీపాలూ ఆరిపోయాయి. మబ్బు రోజున ఏరేటర్లు ఆగితే రొయ్యలు గాలి కోసం పైకి తేలిపోతాయి, చూస్తుండగానే చెరువు చెరువంతా పోతుంది. ఆ మాత్రం మంజుషకి కూడా ఈ మూడు నెలల్లో తెలిసింది. పైగా ఒక్కసారిగా అంత బెల్లం పడితే నీళ్ళల్లో గాలి ఇంకా తగ్గుతుందని మొన్ననే భర్త చెప్పాడు. అంటే తన వెన్నప్పాలు ఇప్పుడు ఆ చెరువుకి కూడా చేటే చేస్తున్నాయేమో. ఎవరి మీద కోప్పడాలి? ఎవరికి ఏం చెయ్యగలదు? గిన్నె చేత్తో పట్టుకుని చీకట్లో నిలబడింది.

"మళ్ళీ నానబోస్తే?" అంది, వంటింట్లోంచి వచ్చిన అత్తగారితో.

"బియ్యం నానేదెప్పుడు, ఆరేదెప్పుడు? ఆవిడ ఎనిమిదింటికల్లా పడుకుంటారు" అన్నారు నీలవేణి. "గోధుమపిండి ఉందిగా. మండెగ ఒక్కటైనా చేద్దాం. ఆవిడ అడిగింది అదే."

కుండ కింద మంట పెట్టారు. మామ్మగారి మంచం గుమ్మం దాకా జరిపారు. ఒక వైపు మంట వెలుగు, ఇంకో వైపు నీలవేణి పట్టుకున్న ఫోన్ లైటు. పీట మీద పిండిముద్దలు, అద్దుకోవడానికి పొడిపిండి ఒక గిన్నెలో, ఏలకులు వేసి దంచిన పంచదార పొడి ఇంకో గిన్నెలో.

"ముద్దని చేతుల మీద వేసుకో. వేళ్ళతో లాగకు. చేతి వెనకవైపుతో ఇటూ అటూ మారుస్తూ ఉండు, అదే జారి మోచేతి దాకా సాగుతుంది. అవతల మనిషి కనిపించాలి అందులోంచి" అన్నారు మామ్మగారు.

మొదటిది సాగుతూ సాగుతూ నడుమ చిరిగింది. కంతలోంచి నిజంగానే అవతల అత్తగారు కనిపించారు. రెండోది కుండ మీద పడింది కానీ, తియ్యబోయేలోగా నల్లబడిపోయింది. మూడోది సగం కుండ మీద, సగం బూడిదలో.

"ఇటివ్వు" అన్నారు మామ్మగారు ఉన్నట్టుండి, చేతులు చాపి.

మంజుష ముద్దని ఆ చేతుల మీద పెట్టింది. ఎముకల మీద చర్మం మాత్రమే ఉన్న ఆ చేతులు ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారే, నీళ్ళల్లో చేపలా కదిలాయి. పిండి పల్చగా వెడల్పయింది. మంట వెలుగు దాని మీద ఆడింది. అంతలో చేతులు వణకడం మొదలైంది. ఆపుదామని ఆవిడ పెదవులు బిగించారు, ఆగలేదు. పిండి మణికట్టు మీంచి జారి, గాజుల్లో చుట్టుకుని, ఒళ్ళో పడిపోయింది.

చెరువు వైపు నుంచి జనరేటర్ మోత వస్తోంది, ఆగుతోంది, మళ్ళీ వస్తోంది.

ఇక మిగిలింది ఒక్క ముద్ద. మంజుష కళ్ళు తుడుచుకుని అందుకుంది. మండెగ అంటే ఇదా కాదా అన్న ఆలోచన వదిలేసి, మోచేతి దాకా కాకపోయినా మణికట్టు దాకా సాగితే చాలనుకుంది. అది సాగింది. వంకర టింకరగా కుండ మీద పరుచుకుంది. మాడేలోపు గబగబా పక్కనున్న గిన్నెలోంచి పొడి చల్లి, నెయ్యి వేసి, నాలుగు మడతలు పెట్టి, అరిటాకులో వేసి మామ్మగారి ముందు పెట్టింది.

"పుట్టినరోజు శుభాకాంక్షలండి మామ్మగారూ. రాజుగారి విందు ఇంతే మిగిలింది."

శ్యామలాంబగారు ఒక అంచు తుంచి నోట్లో వేసుకున్నారు. నెమ్మదిగా నమిలారు. అత్తాకోడళ్ళు ఇద్దరూ ఆ నోటికేసే చూస్తున్నారు. చిరిగిందనాలి. మాడిందనాలి. మా మామ్మ చేసినదానికి దీనికి పోలికే లేదనాలి. ఏదో ఒకటి అనాలి.

"దివ్యంగా ఉందమ్మాయ్" అన్నారు ఆవిడ.

ఫోన్ లైటు పట్టుకున్న నీలవేణి చెయ్యి కిందికి దిగింది.

"తీపి సరిపోయిందాండి?" అని అడిగింది మంజుష, అడగకుండా ఉండలేక.

"ఎందుకు సరిపోదూ? తేనెలా ఉంటేను."

అప్పుడే కరెంటు వచ్చింది. వెనకే శ్రీనివాసరాజు వచ్చాడు, మోకాళ్ళ దాకా బురదతో. "నాన్నగారు గట్టు మీదే ఉన్నారు. ప్రస్తుతానికి రొయ్యలు కిందికి దిగాయి. తెల్లారితే గానీ ఏమీ చెప్పలేం" అన్నాడు. మంజుష మొహం చూసే ధైర్యం లేక, ఏదో ఒకటి చెయ్యాలి గనక, ఆకులోంచి ఒక ముక్క తుంచి నోట్లో వేసుకున్నాడు. నమలడం ఆపాడు.

"ఇదేంటి, ఇందులో పంచదారేదీ? పచ్చిపిండి తగులుతోంది!"

ఆ ఇంట్లో వండినదానికి మొదటిసారి మగవాడు వంక పెట్టాడు. నీలవేణి కొడుకు కేసి గుడ్లురిమి చూశారు. మంజుష పీట మీదికి చూసింది. ఏలకుల పంచదార గిన్నె నిండుగా ఉంది. పక్కనే పొడిపిండి గిన్నె ఖాళీ.

గిన్నె చూసుకోకుండా వంపేశారని ఆయన్ని నాలుగు దులపాలనుకుంది సాయంత్రం. తనేం చేసింది?

"పిండి చల్లానండి మామ్మగారూ" అంది. "పంచదార వెయ్యనే లేదు."

శ్యామలాంబగారు ఆకు కేసి చూసుకున్నారు. ముందు భుజాలు కదిలాయి, తర్వాత నవ్వు బయటికొచ్చింది. "దొరికిపోయానే" అన్నారు. నోట్లో పిండి ముద్ద ఇంకా ఉంది. ఆవిడ దాన్ని మింగి, నీళ్ళు తాగారు.

"ఎప్పుడు పోయిందండి?" అన్నారు నీలవేణి మెల్లగా.

"కునుకు తీసి లేచేసరికే లేదు. పొయ్యి పొగ వాసన కూడా తెలీలేదు. మీరేమో పొద్దుటినుంచీ పిండి బాదుతూ, చెవులు పట్టుకుంటూ అంత సంబరంగా ఉంటిరి. ఎలా చెప్పమంటావు?"

మంజుష ఆవిడ ఒళ్ళో తల పెట్టి ఏడ్చేసింది. రేపు అనే మాటే లేదని పొద్దున్న గంతులేసి చెప్పిన పిల్ల. అంత చదువూ, అంత సరదా, అందరి కష్టమూ కలిసి ఆ నోటికి ఒక్క ముక్క తీపి అందించలేకపోయాయి. మామ్మగారి గాజులు ఆమె జుట్టులో తగులుకున్నాయి. వాటికి ఎండిన పిండి అంటుకుని ఉంది.

"ఊరుకో. నువ్వు ఏడిస్తే వస్తుందా అది? నేను ఏడిచి చూశాలే" అన్నారు ఆవిడ.

శ్రీనివాసరాజు దగ్గరికొచ్చి, బురద కాళ్ళతో ఎక్కడ నిలబడాలో తెలియక గుమ్మం బయటే ఆగాడు. "తప్పు నాదండి మామ్మగారూ. రెండు గిన్నెలు ఎందుకున్నాయని అడగాల్సింది."

"నీ రొయ్యలేమన్నాయిరా వెన్నప్పాలకి?"

"దివ్యంగా ఉన్నాయన్నాయండి" అన్నాడు తల దించుకుని.

నీలవేణి ఫక్కున నవ్వారు. మంజుష కూడా ఏడుపు మధ్యలో నవ్వింది. అలా నవ్వినందుకు మళ్ళీ ఏడుపొచ్చింది. మామ్మగారు ఆమె గడ్డం పట్టుకుని మొహం ఎత్తారు.

"విను. ఈ రాత్రే బియ్యం నానబోసి పడుకో. ఈ గోధుమపిండి ఇంకో నాలుగు గుప్పిళ్ళు కలిపి ఉంచు. రేపు పొద్దున్నే కుండ దగ్గర నా కుర్చీ వెయ్యండి. నాకు తెలిసినా తెలీకపోయినా, నీ చేతికి పట్టుబడేదాకా నేను లేవను. మళ్ళీ నా నోరు తెరుచుకున్న రోజున, అది ఎప్పుడైనా కానీ, కుండ పెట్టడమూ మండెగ తియ్యడమూ ఒక్క గంటలో అయిపోవాలి."

"అలాగేనండి" అంది మంజుష ముక్కు తుడుచుకుంటూ.

"ఒరేయ్, ఆ చెరువు గిన్నె మాత్రం గొడ్లసావిట్లో పెట్టుకో."

"ఆయ్, అలాగేనండి."

ఆవిడ పడుకోబోతూ దిండు సర్దుకుని, మళ్ళీ తలెత్తారు.

"అమ్మాయ్, రేపు పొద్దున్న ముందు కాఫీ తాగి మొదలుపెడదాం. నువ్వే కలుపు. ఇవాళ కలిపినట్టే, డికాక్షన్ అంతే పోసి."